పొరుగువారి పల్లము

నీరు పల్లమెఱుగును, నిజము దేవుడెఱుగును అని మన పెద్దలు చెప్పుదురు. ఈ సామెతలోని రెండవ భాగమును గూర్చియే మనము సాధారణముగా నాలోచింతుము. మొదటి భాగము విచారింపదగినదిగా దోచదు. నీరు పల్లమునకు బోవుట యెవరికి దెలియదు? కాని మనుష్యుని హృదయమునకుగూడ నట్టి వాలు గలదా, గలిగినచో నది మంచివైపునకా చెడ్డవైపునకా, యని యడిగిన యెడల సామెత యంత సులభముగా లొంగదు.

ఈ ప్రశ్నను క్రీస్తునకు పూర్వము నాలుగవ శతాబ్దమున చీనాదేశములో మెన్షియస్ అను నాచార్యుడును, కావోత్సు అను నాతని ప్రతివాదియు నీటినే యుపమానముగా గైకొని చర్చించిరి. మనుష్యస్వభావము సుళ్లు తిరుగుచున్న నీటివంటిది. తూర్పున గండి కొట్టిన తూర్పునకును, పడమట గండి కొట్టిన పడమటికిని బోవును. దానికి మంచిచెడ్డల భేదము లేదు అని కావోత్సు వాదించెను. మెన్షియస్ ఆ మాటను పూర్తిగా ద్రోసివేయలేదు. నీటికి తూర్పుపడమరల భేదము లేకున్న లేకపోవచ్చును గాని, మిట్టపల్లముల భేదముగూడ లేదా, యని యాతడు తిరిగి యడిగెను. అఱచేతితో గొట్టిన నీరు నొసటికంటె పైకి చిందును. అడ్డుకట్ట వేసి తఱిమిన కొండమీదికిని ఎక్కును. అది నీటి స్వభావము కాదు, దానిపై జరిగిన బలాత్కారము. మనుష్యుడు చెడుగు జేయుటయు నట్టిదే యని యాతని సిద్ధాంతము.

మేమీ సంవాదమును జేమ్సు లెగ్గు పండితుడు 1861వ సంవత్సరమున ప్రకటించిన యాంగ్లానువాదమున చాలకాలము క్రిందట చదివి, చక్కని తర్కమని మెచ్చుకొని, పుస్తకమును మూసి పెట్టితిమి. మెచ్చుకొనుటకు వ్యయమేమియు లేదు గదా! నాగోలులో మా వీధి చివర నొక గోడ లేచిన తరువాత నా నీటిమాట మాకు మఱొక విధముగా వినబడసాగెను. అందును గూర్చియే యీ వ్రాత.

నాగోలు హైదరాబాదు నగరమునకు తూర్పుదిక్కున, దిల్‌సుఖ్‌నగరునకును ఎల్.బి.నగరునకును సమీపమున, మూసీనది యొడ్డున నున్న యూరు. 2017వ సంవత్సరమున మెట్రో రైలు వచ్చినది మొదలు దానిని ఊరనుటకు జనులు సిగ్గుపడుచున్నారు గాని, మొన్న మొన్నటి దాక పొలములును చెరువులును గల పల్లెయే. అనంతగిరి కొండలలో బుట్టిన మూసీనది 1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన నగరమును ముంచి వేలకొలది ప్రాణములను గొనిపోయినది. పిమ్మట విశ్వేశ్వరయ్యగారి యాలోచనము ననుసరించి 1920లో ఉస్మాన్‌సాగరమును, 1927లో హిమాయత్‌సాగరమును నిర్మాణమైనవి. అప్పటినుండి జనులకు నదీభయము చాలవఱకు తీఱినది.

కాని 2020వ సంవత్సరము అక్టోబరు 13వ తేదీన మా యిండ్లలోనికి వచ్చిన నీరు నదినుండి పొంగి వచ్చినది కాదు. అది నదికి బోవుచున్న నీరు. ఆ దినమున ఘటకేసరు ప్రాంతమున 30 సెంటీమీటర్లకు మించి వాన గురిసినది. ఈ వైపు చెరువులన్నియు గొలుసుకట్టు చెరువులు. పై చెరువు నిండి అలుగు పాఱిన నీరు నాలా వెంబడి క్రింది చెరువునకును, దానినుండి మఱియొక దానికిని, తుదకు మూసీకిని జేరునట్లు పూర్వు లేర్పాటు చేసిరి. ఆ చెరువుల శిఖము భూములలోను, ఆ నాలాలమీదను ఇండ్లు లేచినవి. మా యిండ్లును అట్లు లేచినవే. నీరు తన పాత త్రోవను మఱచిపోలేదు, మఱచిపోయినవారము మేము. ఆ రాత్రి మోకాలి బంటి నీటిలో మంచములమీద గూర్చుండి, నీటిని తిట్టుచు, ప్రభుత్వమును తిట్టుచు, తెల్లవాఱువఱకు గడిపితిమి. మమ్ము మేము తిట్టుకొనవలెనని యొక్కరికిని దోచలేదు.

వరద తీసిన నెలకు కాలనీవారు సభ చేసిరి. నీరు వచ్చుచున్న చోట ప్రహరీగోడను ఆఱడుగుల యెత్తున లేపి, నేలమట్టమున సిమెంటుతో బిగింపవలెనని నిశ్చయమయ్యెను. అందఱును చేతు లెత్తిరి. మేమును చేయి యెత్తితిమి. ఆ సభలో నొక్క వృద్ధుడు మాత్రము, గోడకు దగిలిన నీరు తరువాత నెటు పోవునని యడిగెను. అది యింజనీయర్లు చూచుకొనెడి సంగతియని యెవరో యనగా సభ నవ్వెను. మేము నవ్వితిమో లేదో యిప్పుడు జ్ఞప్తికి రాదు, నవ్వియే యుందుము.

మరుసటి వర్షకాలమున గోడ తన పని తాను చేసినది. గట్టి వాన గురిసిన రాత్రి మా వీధిలో పాదము తడియలేదు. తెల్లవాఱి కాలనీవారు ఒండొరులను అభినందించుకొనిరి. ఆ యుదయము మా యింట పాత్రలు తోముటకు వచ్చెడి స్త్రీ గుమ్మమువద్ద నిలుచుండి, రెండు దినములు పనికి రాజాలనని సెలవు వేడుకొనెను. గోడ కావలి ప్రక్క పల్లములోనున్న రేకుల యిండ్ల వరుసలో నామె కాపురము. రాత్రి నడుములోతు నీరు వచ్చి బియ్యము, బట్టలు, పిల్లవాని పుస్తకములు సర్వము తడిసినవట. మే మేమనుటకును నోరు రాక నిలుచుండగా నామెయే మమ్ము నోదార్చునట్లు, "మీ దిక్కు రాలే గదమ్మా, మంచిగయింది" అని మా యింటి యిల్లాలితో జెప్పి వెళ్లిపోయెను. ఆమె మాటలో నెత్తిపొడుపు లేదు. ఉండినయెడల మాకు సులభముగా నుండెడిది.

ఆ దినముననే మెన్షియస్ పుస్తకమును మరల దెఱచితిమి. అందు పైక్వీ యను నొక మంత్రి కథ గలదు. తాను వరదనీటిని ప్రాచీనరాజగు యూకంటె నేర్పుగా నదుపులో బెట్టితినని యాతడు మెన్షియస్ యెదుట గొప్ప చెప్పుకొనెను. అందులకు మెన్షియస్ చెప్పిన యుత్తరము మిక్కిలి కటువైనది. యూ నీటిని దాని దారినే నడిపించి నాలుగు సముద్రములను దానికి గుంటలుగా జేసెను. నీవు పొరుగు రాజ్యములను గుంటలుగా జేసితివి. దయగలవా డేవగించుకొనెడి పని యిది. నీవు పొరబడితివి, అని యాతని భావము. పైక్వీ యేమని బదులు చెప్పెనో గ్రంథములో లేదు. మావద్దను బదులు లేదు.

యూ కథ చీనావారికి మనకు భగీరథుని కథవంటిది. యూ తండ్రి తొమ్మిదేండ్లు కట్టలమీద కట్టలు వేసి నీటి నాపజూచి విఫలుడయ్యెనట. కొడుకు కట్టలు మాని కాలువలు త్రవ్వించెను. ఎనిమిదేండ్లు ఇల్లు విడిచి తిరుగుచు, మూడుమాఱులు తన యింటి ముందునుండియే పోవుచుండియు లోపల నడుగుబెట్టలేదని మెన్షియస్ చెప్పుచున్నాడు. ఇంటివారియెడ నంత కాఠిన్యము మాకు రుచింపదు. కాని తండ్రికిని కొడుకునకును గల భేదము మాత్రము మఱవరానిది. తండ్రి ప్రశ్న: నీరు నా యొద్దకు రాకుండ నెట్లాపవలెను? కొడుకు ప్రశ్న: ఈ నీ రెక్కడికి బోవలెను? మా సభలో వృద్ధు డడిగినది రెండవ ప్రశ్నయే.

ఇక అసలు విషయమునకు వత్తము. చీనా ఋషు లాత్మసంస్కారమును సర్వమునకు మూలముగా జెప్పిరి. చక్రవర్తి మొదలుకొని సామాన్య కృషీవలునివఱకు నెల్లరకు శీలమును దిద్దుకొనుటయే మొదటి పనియని మహావిద్య యను వారి చిన్న గ్రంథము బోధించుచున్నది. ఆత్మసంస్కార మనగానే మనవారికి గదిలో తలుపు వేసికొని కూర్చుండుట, కోపమును జయించుట, మితముగా భుజించుట, వేకువనే లేచుట మున్నగునవి స్ఫురించును. ఇవన్నియు మంచివే. ఇవన్నియు గల పెద్దమనుష్యులు మా కాలనీలో ననేకులు గలరు. వారందఱును గోడకు జేతు లెత్తినవారే. కనుక నీ గుణములకును పల్లపు టిండ్లలోని నీటికిని సంబంధము తెగిపోయిన చోటేది యని వెదుకవలసియున్నది.

కన్ఫ్యూషియస్ శిష్యులలో త్సెంగ్‌త్సు అనువాడు దినమునకు మూడు విషయములలో తన్ను దాను పరీక్షించుకొనెడివాడట. ఇతరుల పనిని పైబెట్టుకొన్నప్పుడు మనసార జేసితినా. మిత్రులయెడ నమ్మకముగా నుంటినా. నేర్చిన దానిని ఆచరించితినా. ఈ మూడింటిని గమనింపుడు. ఆత్మపరీక్ష యని పేరే గాని మొదటి రెండును ఇతరులను గూర్చినవి. నా మనస్సు శాంతముగా నున్నదా యని యాతడు అడుగుకొనలేదు. మేము ప్రతిరాత్రి చేసికొను నాత్మపరీక్షలో నెల్లప్పుడు నడుగుకొను ప్రశ్న యదియే. గోడ కట్టిన రాత్రి దానికి సంతృప్తికరమైన యుత్తరమే వచ్చినది.

జీవితమంతయు నాచరింపదగిన మాట యొక్కటి చెప్పుడని యొక శిష్యు డడుగగా కన్ఫ్యూషియస్ చెప్పిన మాటకు, నీకు గిట్టనిదానిని పరులకు జేయకుండుట యని యర్థము. తిక్కన సోమయాజి దీనినే పరమధర్మముగా జెప్పిన పద్యము మన బాలురకు కంఠస్థము. మేమును బాల్యమున పంతులుగారి యెదుట తప్పు లేకుండ నొప్పజెప్పినవారమే. మఱి చేయి యెత్తినప్పు డా పద్య మెచ్చటికి బోయెను? అది జ్ఞప్తికి రాకపోవుటకు గారణము దుర్మార్గము కాదు. గోడ కావలనున్నవారు కంటబడలేదు. అంతే.

ఈ కంటబడకపోవుటను గూర్చి మెన్షియస్ చెప్పిన కథ యీ విషయమునకు ప్రాణము. చీ రాజ్యమునకు ప్రభువైన షువాన్ రాజు సభామంటపమున గూర్చుండియుండగా నొక యెద్దును తోలుకొని పోవుచుండిరి. క్రొత్తగా పోతపోసిన గంటను దాని రక్తముతో బ్రతిష్ఠింపవలయునట. భయముతో వడకుచున్న యెద్దును చూచి రాజు సహింపలేక దానిని విడువుడనెను. గంట ప్రతిష్ఠను మానుదుమా యని యడుగగా, మానవలదు, గొఱ్ఱెను దెండు అనెను. ప్రజలు రాజును పిసినారి యనుకొనిరి. మెన్షియస్ మాత్రము రాజుతో, మీరు పిసినారులు గారు. ఎద్దును చూచితిరి, గొఱ్ఱెను చూడలేదు. ఈ జాలియే రాజ్యమేలుటకు జాలినది అని నచ్చజెప్పెను. అటుపై, జంతువునకు జాలి చూపగలవారు ప్రజలకేల చూపరని నిలదీసెను. చేయలేకపోవుట వేఱు, చేయకపోవుట వేఱు. మహాపర్వతమును చంకబెట్టుకొని సముద్రమును దాటలేననుట నిజము. పెద్దవారికొక కొమ్మ విఱిచి యీయలేననుట నిజము గాదు.

ఈ కథలో నొక్క మాటవద్ద మాకు మెన్షియస్‌తో విరోధము. ప్రాణుల యార్తనాదము విన్నవాడు వాని మాంసమును దినలేడు గనుక నుత్తముడు వంటయింటికి దూరముగా నుండునని యాతడు సమర్థించెను. మృదుస్వభావమును కాపాడుకొనుట కది యుపాయము కాబోలు. కాని మాకు తోచినంతవఱకు మన కాలపు వ్యాధి సరిగా నిదియే. ఉత్తములందఱును వంటయింటికి దూరముగా నున్నారు. చక్కని వీధులు, చెట్లు, ధ్యానమందిరములు, వృద్ధులకు బల్లలు గల కాలనీలలో నుండి, మన మురుగు ఎవరి గుమ్మము ముందునుండి పోవుచున్నదో చూడకుండ మృదుస్వభావులమై బ్రతుకుచున్నాము. భోజనము చేయువాడు వంటయింటిని చూడవలయును. గంట కావలెనన్నవాడు గొఱ్ఱె కన్నులలోనికి జూడవలయును. ఆచార్యుని మాటను గాదని యాచార్యుని కథనే పట్టుకొంటిమని చదువరులు నవ్విన నవ్వుదురు గాక.

మూసీనదియే దీనికి పెద్ద దృష్టాంతము. నగరపు మురుగంతయు నీ తూర్పు అంచున నదిలో గలిసి దిగువకు బోవుచున్నది. శుద్ధి చేయుటకు అంబరుపేటలోను నాగోలులోను కేంద్రములు కట్టబడినవి. నాగోలు కేంద్రము దినమునకు 172 మిలియను లీటర్ల మురుగునీటిని శుద్ధి చేయునట్లు నిర్మింపబడినది. అయినను నదిని చూచినవారికి, దాని వాసన సోకినవారికి మిగిలిన సంగతి వేఱుగ జెప్పనక్కఱలేదు. దిగువ పల్లెలవారు కత్వలనుండి కాలువల ద్వారా ఆ నీటినే పొలములకు బెట్టుకొని గడ్డియు, వరియు బెంచుచున్నారు. ఆ గడ్డి దిన్న బఱ్ఱె పాలు మరల నగరమునకు వచ్చును. మనము పంపినది మనకే వచ్చునని భయపెట్టుటకై చెప్పుట లేదు; రాకున్నను అది తప్పే. ఆ మూసీ వాడపల్లివద్ద కృష్ణలో గలియును. మఱికొంత దిగువన నా కృష్ణ యొడ్డుననే ధాన్యకటకము. ఏడవ శతాబ్దమున చీనా యాత్రికుడు హ్యుయన్‌త్సాంగ్ అచ్చట కొన్ని నెలలు నిలిచి మనవారియొద్ద శాస్త్రములు చదువుకొనెను. వారు మనయొద్దకు ధర్మమును వెదకికొనుచు వచ్చిరి. ఆ యొడ్డునకు మనమిప్పుడు పంపుచున్నదేమో చూడుడు.

మా మిత్రుడొకరు దీనినంతయు విని, మీరు గోడను గూర్చి విపరీతముగా మథనపడుచున్నారు. మన బిడ్డలను మనము ముందు గాపాడుకొనుట తప్పా, యని యడిగెను. తప్పు గాదు. మెన్షియస్ కాలమున యాంగ్‌చూ యనువాడు లోకమున కుపకార మగునన్నను తన దేహమునుండి యొక వెండ్రుక పెఱికి యీయడని ప్రసిద్ధి. మోత్సు అనువాడు తన తండ్రిని, పరుని తండ్రిని సమానముగా బ్రేమింపవలెననెను. మెన్షియస్ ఇరువురిని ఖండించెను. తన యింటి పెద్దలను గౌరవించి, ఆ గౌరవమును పరుల యింటి పెద్దలవఱకు బొడిగింపవలెను. తన పిల్లలను లాలించి, ఆ లాలనను పరుల పిల్లలవఱకు బొడిగింపవలెను. ఇదియే యాతని మార్గము. మొదట మనవారు, పిమ్మట పరులు. మా మిత్రుని మాటలో మొదటి సగము మెన్షియస్ మాటయే. గోడ వచ్చినది రెండవ సగమునకు ముందు.

మనుష్యస్వభావము మంచిదనుట వట్టి మాటయని ఆ దేశముననే షున్‌త్సు అను మఱియొక యాచార్యుడు వాదించెను. వంకర కఱ్ఱను ఆవిరి పట్టి బిగించిననే గాని తిన్నన గాదని యాతని యుపమానము. మా సభను చూచినవారు షున్‌త్సు పక్షమే వహింతురు. కాని రేకుల యింటి స్త్రీ మాటను విన్నవారు మెన్షియస్ పక్షము వహింతురు. బియ్యము తడిసిపోయినవాని నోట, మీ యిల్లు తడియలేదు, మంచిదేయను మాట యే బడిలో నేర్పినది? నీరు తక్కువ చోటులకు, ఎల్లరు నసహ్యించుకొను చోటులకు బోవును గనుక నదియే మార్గమునకు దగ్గఱయని లావోత్సే చెప్పినట్లు ప్రసిద్ధి. దీనినిబట్టి పల్లమున నుండుటయే పుణ్యమని మిట్టమీదివారు పల్లమువారికి బోధింపరాదు. ఆమె మంచితనము మా గోడకు క్షమాపత్రము కాదు.

నగరపు మురుగును నదినుండి మఱలించుట మా వంటివారికి పర్వతమును చంకబెట్టుకొనుట వంటిదే కావచ్చును. గోడకు తూములు పెట్టుట కొమ్మ విఱుచుట వంటిది. కావున మరల సభ కోరితిమి. మొదటి సభకు పదునొకండుగురు వచ్చిరి, రెండవదానికి ఏడుగురు. గోడకు రంధ్రములు చేసిన పాములు వచ్చుననిరి. ఇండ్ల ధరలు పడిపోవుననిరి. కట్టినప్పుడు చేయి యెత్తినవారే యిప్పు డిట్లనుట యేమనిరి. చివరి యాక్షేపణకు మాయొద్ద సమాధానము లేదు, అది నిజము గనుక. మూడవ సభలో నా వృద్ధుడు, కావలి వరుసలోని యిద్దఱిని వెంటబెట్టుకొని వచ్చి, బల్లమీద గూర్చుండుడని చెప్పి, తాను నిలుచుండెను. వారేమియు మాటలాడలేదు. ఆ దినమున చర్చ ముందటివలె సాగలేదు. కార్లు నిలుపు స్థలములో కొంత విడిచి, పాత నాలావఱకు పూడిక తీసి, గోడకు రెండు తూములు పెట్టి, నీరు రేకుల యిండ్ల గుమ్మములవైపు గాక నాలాలోనికి బోవునట్లు చేయుటకు సమ్మతి కుదిరెను. చందా సగము యిండ్లవారే యిచ్చిరి. తక్కినవారు మాతో నిప్పటికిని సరిగా మాటలాడరు.

తరువాతి వర్షకాలమున మా వీధిలో నీరు చీలమండల లోతున నాలుగు గంటలు నిలిచి, మా వాకిలి మెట్టును దాటి లోపలికి వచ్చెను. కావలి వరుసలో గడపల క్రిందనే నిలిచి పోయెనట. ఆ స్త్రీ యా దినము సెలవు వేడుకొనలేదు. ఒక గంట యాలస్యముగా వచ్చి, చీర కుచ్చెళ్లు దోపుకొని, మా యింటిలోని బురదను కడిగెను.